టైగర్ చెవులు

మందునీళ్లు చెవిలో పోశాక కుక్క తల విదిలించకుండా గట్టిగా పట్టుకోవాలి. చెవి మొదట్లో, దవడ పక్కన, బొటనవేలితో మెత్తగా నొక్కుతూ అర నిమిషం రుద్దాలి. లోపల చప్‌చప్‌మని తడి శబ్దం వస్తే మందు అడుగుదాకా దిగినట్టు. అప్పుడు వదిలేస్తే అది తల టపటపా విదిలిస్తుంది. లోపలి గోధుమరంగు గుబిలి బయటికొచ్చి కొంత గోడ మీద, కొంత ఎస్తేరు జాకెట్టు మీద పడుతుంది. మిగిలింది దూదితో తుడిచి చుక్కల మందు వేయాలి. ఆ తర్వాత రెండో చెవి. ఇదంతా తెల్లవారి ఐదింటికి, పొయ్యి మీద కుక్కర్ మూడో విజిల్ వేసేలోపు అయిపోవాలి. ఏడున్నరకు ఆళ్లగడ్డ బస్సు. ఆ బస్సు తప్పితే ఎస్తేరు తాను పాఠాలు చెప్పే బళ్లో ప్రార్థన గంటకు అందుకోలేదు.

ఆరు కిలోల బరువున్న ఆ షిట్జూ కుక్కకు టైగర్ అని పేరు పెట్టింది ఎస్తేరు మొగుడు అజయ్ కుమార్. నంద్యాలలో విత్తనాల కంపెనీలో ఏరియా మేనేజరు. కూతురు వర్షిణి ఇంటర్ చదవడానికి కర్నూలు హాస్టలుకు పోయిన నెలలో, ఇల్లు బోసిపోయిందని దాన్ని తెచ్చాడు. తెచ్చిన రోజు ఫోటోలు తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాడు. ఆ గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు. అంతటితో అతని వంతు అయిపోయింది. స్నానం, దువ్వడం, సూదులు, ఇంట్లో దొడ్డికి కూర్చుంటే తుడవడం, ఇవి ఎవరి వంతని ఎవరూ అనుకోలేదు. అనుకోనివన్నీ ఆ ఇంట్లో పదిహేడేళ్లుగా ఎస్తేరువే.

ఏడాది తిరిగేసరికి టైగర్ చెవులు వాసన రావడం మొదలైంది. పులిసిన పిండి వాసన. రోజంతా వెనక కాలితో గోక్కునేది, తల నేలకేసి రుద్దుకుంటూ మూలిగేది. అజయ్ సోఫాలో కూర్చుని ముక్కు మూసుకుని, "ఏందీ కంపు? చెవులు కడగలేదా ఈ పొద్దు?" అనేవాడు. కడిగానని చెప్పేది. "కడిగితే ఇట్లుంటాదా?" అనేవాడు. మొదట్లో ఆ మాటకు ఆమెకు గుండెలో చురుక్కుమనేది. ఇప్పుడేం లేదు. మాట వినబడుతుంది, అర్థమవుతుంది, అక్కడితో సరి. ఎప్పటినుంచి ఇలా అయిందో వెతికినా ఆమెకు తేదీ దొరకలేదు. తాను బాగా ఓపికమంతురాలినయ్యానని కొన్నాళ్లు మురిసింది కూడా. అది ఓపిక కాదని, తిమ్మిరని తర్వాతెప్పుడో తెలిసింది.

పశువుల డాక్టరు యూసుఫ్ మొదటిసారే తేల్చి చెప్పాడు. జబ్బు చెవిది కాదు, ఒంటిది. తినేదేదో దానికి పడటం లేదు, ఆ దురద చెవుల్లో బయటపడుతోంది. చెవులు వేలాడేవి, లోపల జుట్టు, గాలాడదు, దాంతో చీము పడుతోంది. కోడికూర, పాలు, బిస్కెట్లు అన్నీ మాన్పించి ఇంతవరకూ తినని తిండి ఒక్కటే పెట్టాలి. ఉడికించిన చేప, గెనుసుగడ్డ, అదే చిలగడదుంప. ఎనిమిది వారాలు. మధ్యలో ఒక్క ముక్క వేరేది పడినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఎస్తేరు ఇవన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించింది. చేపలో ముల్లు మిగలకుండా వేళ్లతో నలిపి నలిపి డబ్బాల్లో పెట్టేది. బళ్లో తొమ్మిదో తరగతి పిల్లలు తన చేతులు చేపవాసన వస్తున్నాయని గుసగుసలాడటం ఆమె విన్నది.

మూడు నెలలు గడిచినా చెవులు మానలేదు. ఒక శనివారం, బడికి సెలవని, టైగర్‌ను మళ్లీ చూపించడానికి పోయారు. కారు నడపాలి గనక అజయ్ కూడా వచ్చాడు. డాక్టరు చెవిలో లైటు పెట్టి చూసి, దూది తిప్పి, ఆ దూదిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఎవరమ్మా ఈ చెవుల్లో నూనె పోస్తాండేది?"

ఎస్తేరుకు అర్థం కాలేదు. నూనె పోయడమేమిటి అంది. డాక్టరు దూది చూపించాడు. జిడ్డుగా నిగనిగలాడుతోంది. చెవి గొట్టం సగం పూడుకుపోయిందని, ఇంకో రెండు నెలలు ఇలాగే సాగితే పూర్తిగా మూసుకుపోయి వినికిడి పోతుందని, ఆ పైన కోసి తీయడమే దారి అని చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఎస్తేరు వైపే చూశాడు. టైగర్ బల్ల మీద వణుకుతూ ఆమె మోచేతిలో మూతి దూర్చింది.

అప్పుడు అజయ్ నవ్వాడు. డాక్టరుతో కలుపుగోలుగా నవ్వే నవ్వు. "ఈమె అంతే సార్. బడి బడి అని పరిగెత్తుతాంటాది. ఇంట్లో ఏం చేస్తాందో ఆమెకే తెలీదు," అన్నాడు.

డాక్టరు కొంచెం మెత్తబడి, చదువుకున్నదానివి, ఇకనుంచి జాగ్రత్తగా చూసుకోమని ఆమెకు చెప్పాడు. సరే సార్ అంది ఎస్తేరు. చెయ్యని తప్పుకు సరే అనడం ఆమెకు కొత్తేమీ కాదు, నాలుక దానంతటదే తిరుగుతుంది. గోడమీద ఆవు బొమ్మ కేలెండరుంది. అందులో ఇంకా గడిచిన నెలే వేలాడుతోంది. కాగితం ఎవరూ చింపలేదే అనుకుంది.

మర్నాడు ఆదివారం. చర్చికి పోయే ముందు ఎస్తేరు జడ వేసుకుంటుంటే వరండాలోంచి టైగర్ మూలుగు వినిపించింది. దువ్వెన చేతిలో పట్టుకునే వచ్చి చూసింది. వాళ్లతోనే ఉండే అత్త లూదియమ్మ పీట మీద కూర్చుని ఉంది. చేతిలో చిన్న సీసా. పోయినేడు ఉపవాస కూడికల్లో పాస్టరు ప్రార్థన చేసి ఇచ్చిన నూనె అది. మోకాళ్ల నొప్పులకు రాసుకుంటుంది, పసిపిల్లలకు జ్వరమొస్తే నుదుటికి రాస్తుంది. ఇప్పుడు దాన్ని వేడి నీళ్లలో ఉంచి గోరువెచ్చగా చేసి, కళ్లు మూసుకుని పెదాలు కదిలిస్తూ టైగర్ చెవిలో పోస్తోంది. టైగర్ తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని ఉన్నది అజయ్ కుమార్.

ఆమెను చూసి లూదియమ్మ ఏ మాత్రం తొట్రుపడలేదు. "నువ్వు బస్సెక్కినాక దినామూ పోస్తాండా. ఆదివారం అందరం ఇంట్లోనే ఉంటాం గదా, ఆలస్యమైపాయె. నోరులేని జీవి, ఎంత కష్టపడతాందో. రెండు కోడిముక్కలు పెడితే గానీ చెవి పట్టనీదు," అంది. పాపం ఆమె ప్రేమతోనే చేసింది. ఆమెతో పేచీ పెట్టుకోవాలని ఎస్తేరుకు అనిపించలేదు. మొగుడి చేతుల వైపు చూసింది. ఆ పట్టు కొత్తది కాదు. చెవిని ఎలా మడవాలో, గడ్డం కింద వేలు ఎక్కడ పెట్టాలో ఆ చేతులకు బాగా తెలుసు.

చర్చిలో పాటలు పాడుతున్నంతసేపూ ఆమె నోరు కదిలింది. ఇంటికొచ్చి, చీర కూడా మార్చుకోకుండా, ఒక్క మాట అడిగింది. నిన్న డాక్టరు దగ్గర ఎందుకు చెప్పలేదని.

అజయ్‌కు నిజంగానే ఆశ్చర్యమేసింది. "డాక్టరు ముందర మా అమ్మ పేరు చెప్పమంటావా? పెద్దామె మర్యాద ఏం గావాల?" అన్నాడు.

అది జవాబు అనే అనుకున్నాడతను. చెప్పేసి టీవీ పెట్టుకున్నాడు. ఎస్తేరు వంటింట్లోకి పోయి ఉల్లిపాయలు తరిగింది. కోపం వస్తుందేమోనని చూసింది. రాలేదు. ఏడుపూ రాలేదు. తల్లి పేరు చెప్పకూడదు, భార్య పేరు చెప్పవచ్చు. రెండూ పక్కపక్కన పెట్టి, లెక్కల టీచరు గనక, రెండుసార్లు సరిచూసుకుంది. తప్పేమీ లేదు, అతను సరిగ్గానే చెప్పాడు. ఆ ఇంట్లో లెక్క అదే.

అన్నం వడ్డిస్తూ చెప్పింది, కుక్కను ఆళ్లగడ్డకు తీసుకుపోతానని. ఎనిమిది వారాలు ఎవరి చేయీ పడకుండా చూడాలని. తొమ్మిదేళ్లుగా పోనూ రానూ మూడు గంటలు బస్సుల్లో తిరుగుతున్నానని, అక్కడే ఒక గది తీసుకుంటానని. అజయ్ పప్పు కలుపుకుంటూ, ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినాక గది ఎందుకని నవ్వాడు. రెండు దినాల్లో తిరిగొస్తావులే అన్నాడు. రెండో ముద్ద పెట్టుకున్నాడు.

బళ్లో హిందీ టీచరు షబీనా గది చూపించింది. ఊళ్లో రాతిశిల్పాలు చెక్కే షెడ్లకు దూరంగా వెతికారు, ఆ రాతిదుమ్ము టైగర్‌కు పడదేమోనని. షబీనా పెద్దమ్మ ఇంటి మేడ మీద ఒక గది, ముందు కాస్త జాగా. మధ్యాహ్నం భోజనం గంటలో ఎస్తేరు గబగబా నడిచొచ్చి చేప పెట్టి పోయేది. తెల్లవారి చెవులు కడిగేది. ఇప్పుడు తరుముతున్న బస్సు లేదు గనక అర నిమిషం రుద్దాల్సింది నిమిషం రుద్దేది. టైగర్ కళ్లు మూసుకుని ఆమె మోకాలి మీద బరువు మొత్తం వదిలేసేది.

అజయ్ ఫోన్లు చేశాడు. గ్యాసు పుస్తకం యాడుందని, నీలం చొక్కా యాడుందని, మిక్సీ ఎందుకు తిరగలేదని. లూదియమ్మ ఒకసారి మాట్లాడి, కుక్క కోసం కాపురం ఇడిచిపెట్టిందని సంఘంలో అనుకుంటాండారని చెప్పింది. వర్షిణి ఫోను చేసి ఎట్లుండావమ్మా అంది. ఎస్తేరు బానే ఉండాననబోయి, తెలీదు పాపా, చూస్తాండా అంది.

ఐదో వారం, గురువారం సాయంత్రం, చేపలో ముళ్లు తీస్తూ ఉండగా కోపం వచ్చింది. పంటి డాక్టరు వేసిన మత్తు దిగుతుంటే చిగురు సలపడం మొదలైనట్టు, మొదట కొంచెం, తర్వాత భరించలేనంత. ఈమె అంతే సార్ అన్న ఆ నవ్వు మీద కోపం. సరే సార్ అన్న తన నోటి మీద కోపం. పదిహేడేళ్లలో ఎవరెవరో చేసినవన్నీ తన పేరు మీద పడుతుంటే నోరు మూసుకుని మోసినందుకు కోపం. గిన్నె కింద పెట్టి, గోడకు ఆనుకుని, పెద్దగా ఏడ్చింది. ఏడవడం ఇంత నొప్పిగా ఉంటుందని మరిచిపోయింది. టైగర్ వచ్చి ఆమె మడమ నాకింది.

ఎనిమిదో వారం శనివారం టైగర్‌ను ఒళ్లో పెట్టుకుని బస్సులో నంద్యాల పోయి డాక్టరుకు చూపించింది. చెవులు లోపల గులాబీరంగులో, పొడిగా ఉన్నాయి. వాసన లేదు. గొట్టం తెరుచుకుంది. వినికిడికి భయం లేదన్నాడు. ఏం చేసినావమ్మా అని అడిగితే, "ఆ నూనె నేను పోయలేదు సార్. ఆ దినమే చెప్పాల్సింది," అంది. డాక్టరు తల వంచుకుని, నేను అడిగి తెలుసుకోవాల్సింది అన్నాడు. ఆమె ఇంటికి పోకుండా అక్కడినుంచే ఆళ్లగడ్డ బస్సెక్కింది.

మర్నాడు చర్చి అయ్యాక అజయ్ కారేసుకుని ఆళ్లగడ్డ వచ్చాడు. మేడ మీదికి ఎక్కలేదు, కిందనుంచే హారను కొట్టి ఫోను చేశాడు. ఎస్తేరు టైగర్‌ను ఎత్తుకుని మెట్లు దిగింది. అతను కారు తలుపు తెరిచి పట్టుకుని, కుక్క చెవి ఎత్తి చూసి, బాగైపోయిందే అన్నాడు. సంతోషించాడు కూడా. తర్వాత మేడ వైపు చూసి, సామాను ఏమన్నా ఉందా, నేను తెస్తానన్నాడు. పదిహేడేళ్లలో ఆమె సామాను మోస్తానన్నది అదే మొదటిసారి. ఆ సంగతి ఆమె గమనించింది. మనసు కాస్త మెత్తబడింది కూడా, అబద్ధం చెప్పడం దేనికి.

"ఎనిమిది వారాలైపాయె గదా. ఎక్కు," అన్నాడు.

ఎస్తేరు కారు తలుపు మెల్లగా వేసింది.

"డాక్టరు ఎనిమిది వారాలు చెప్పింది దీనికి," అంది. "నాకెన్ని వారాలు పడతాదో, నేనింకా చెప్పలేదు."