పై పోర్షన్ పంచాయితీ

ఆపరేషన్ గదిలోకి తీసుకుపోతుంటే యాదమ్మ స్ట్రెచర్ మీది నుంచే తల తిప్పి చూసింది. ఒక గోడకు మొగుడు, ఎదుటి గోడకు తమ్ముడు. ఇద్దరి మొహాలూ గంటు పెట్టుకునే ఉన్నాయి. పొద్దున్నుంచి వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడింది లేదు. కడుపులో నొప్పి కంటే ఆమెకు అదే ఎక్కువ భయం పుట్టించింది.

ఉత్తుత్తి భయం కాదది. మొగుడు మాణిక్ ఝరాసంగం దగ్గర పత్తి, కంది వేసుకునే రైతు. అతని నోట్లోంచి మాట రావడమే గగనం, కానీ ఎదుటివాళ్ళు ఒక్క మాట తూలారో, కడుపులో దాచుకుని ఏళ్ళ తరబడి మోస్తాడు. తమ్ముడు హరికృష్ణ జహీరాబాద్‌లో గుమాస్తా ఉద్యోగం చేసుకుంటున్నాడు. మనసులో ఏమీ ఉండదు, ఉన్నదంతా నాలుక మీదే ఉంటుంది. ఒకసారి పెళ్ళి దావత్‌లో ఎవరికి ముందు వడ్డించారన్న దాని మీద మాటా మాటా అనుకుని, ఏడాది పాటు ఒకరి గడప ఒకరు తొక్కలేదు. ఆ ఏడాదంతా షేర్ ఆటోల్లో అటూ ఇటూ తిరిగింది యాదమ్మే. రాఖీ కట్టడానికి ఒంటరిగా వచ్చి, కట్టి, కళ్ళు తుడుచుకుంటూ ఒంటరిగా వెళ్ళింది.

ఇవాళ్టిది వడ్డన దగ్గరి తగవు కాదు. జహీరాబాద్ ఆసుపత్రిలో డాక్టరమ్మ స్కానింగ్ చూసి పిత్తాశయంలో రాళ్ళున్నాయని, చీము కూడా పట్టిందని, హైదరాబాద్ దాకా పోయేంత వ్యవధి లేదని చెప్పింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఇది నిన్న మొన్నటిది కాదు, నెలల నుంచి నొస్తూ ఉండాలి, ఇంట్లో ఎవరూ చూసుకోలేదా అని కూడా అడిగింది. మాణిక్ నేలచూపులు చూశాడు. నిన్న రాత్రి దాకా ఆమె నొప్పి అన్న మాటే అనలేదని అతను చెప్పింది నిజమే. ఆ నిజాన్ని హరికృష్ణ నమ్మలేదని బిగిసిన దవడలే చెబుతున్నాయి.

"ఇటు రార్రి ఇద్దరు," అంది యాదమ్మ. నొప్పికి మాట తెగి తెగి వస్తోంది. "నేనొచ్చేదాంక నోర్లు మూసుకొని కూసోవద్దు. 'పై పోర్షన్' మంచిదా, 'బ్రాంచి బుచ్చయ్య' మంచిదా, తేల్చి పెట్టుర్రి. నేనొచ్చి అడుగుత."

నర్సు గ్లోరీ వచ్చే నవ్వును ఆపుకుని స్ట్రెచర్ తోసుకుపోయింది. వెనకే తలుపు మూసుకుంది.

వినేవాళ్ళకు వేళాకోళంగా ఉంటుంది గానీ, ఆ ఇంట్లో ఈ పంచాయితీ చాలా పాతది. 'పై పోర్షన్' రోజూ అన్నం వేళకు వచ్చే కామెడీ సీరియల్. మేడ మీద అద్దెకున్న కుటుంబం, కింద ఇంటి ఓనరమ్మ, ఇద్దరికీ కలిపి ఒకటే నీళ్ళ మోటరు. మాణిక్ ఆ పార్టీ. 'బ్రాంచి బుచ్చయ్య' ఎప్పుడో ఆగిపోయిన సీరియల్, ఏ పనీ చేతకాని బ్యాంకు మేనేజరు కథ. హరికృష్ణ దాన్ని ఇప్పటికీ ఫోన్‌లో చూస్తాడు, చూసి ఊరుకోక బుచ్చయ్యలా నడిచి చూపిస్తాడు. కలిసినప్పుడల్లా ఎదుటివాడి సీరియల్‌కు ఊరికే పేరొచ్చిందని రుజువు చేయడానికి ఇద్దరూ గొంతులు చించుకునేవాళ్ళు. ఎంత అరుచుకున్నా ఆ అరుపుల్లో విషం ఉండదని యాదమ్మకు తెలుసు. అందుకే ఏరి కోరి ఆ తగవునే వాళ్ళ చేతుల్లో పెట్టిపోయింది.

హాల్లో ఇనుప కుర్చీల వరసలో, మధ్యన ఒక కుర్చీ ఖాళీగా వదిలి ఇద్దరూ కూర్చున్నారు. గోడకున్న టీవీలో ఏవో ప్రకటనలు వస్తున్నాయి. మాణిక్ కళ్ళు మూసిన తలుపు మీద నుంచి కదలడం లేదు. ఆమె బయటికి రాకపోతే అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా దాన్ని తోసేస్తున్నాడు, అది మళ్ళీ వస్తోంది. హరికృష్ణ గొంతు సవరించుకున్నాడు. అక్క మాట తీసేయడం అతనికి చేతకాదు.

"మీ పై పోర్షన్‌ను ఉత్తగనే లేపిన్రు బావా," అన్నాడు, గోడ వైపు చూస్తూ. "గా మోటర్ లొల్లి తప్ప అండ్ల ఏమున్నది?"

ఇంకో రోజైతే మాణిక్ ఈ మాటకు ఇంతెత్తున లేచేవాడు. నోరు లేని ఆ మనిషికి ఎక్కడలేని నోరూ ఈ ఒక్క విషయంలోనే వచ్చేది. ఇవాళ తల మాత్రం ఊపాడు.

"నిజమే. అది పాడైంది. దసరా అయినంక సంది ఉత్తదే."

హరికృష్ణ తిరిగి చూశాడు. ఇన్నేళ్ళ తగవు ఇంత తేలిగ్గా గెలుస్తానని అతను ఎన్నడూ అనుకోలేదు. గెలిచిన సంతోషం మాత్రం ఇసుమంతైనా కలగలేదు. మాట పెంచుకోవడం ఇష్టం లేక బావ తప్పించుకుంటున్నాడనిపించింది. తప్పు చేసినవాడే అలా తప్పించుకుంటాడని కూడా అనిపించింది. దాంతో అతని గొంతు మారిపోయింది.

ఎలా పాడైందో చెప్పమని నిలదీశాడు. వేషాలు వేసేవాళ్ళు మారలేదు, అదే ఓనరమ్మ, అదే మోటరు, దసరాకు ముందు బాగున్నది దసరా తర్వాత ఎలా చెడిపోతుందన్నాడు. అసలు అది మొదటి నుంచీ అంతేనని, జనం నవ్వకపోయినా వెనక నుంచి వాళ్ళే నవ్వుల చప్పుడు కలుపుతారని, అది విని మనమూ నవ్వామనుకుంటామని దులిపేశాడు. ఈ మధ్య దాన్ని చూస్తే నవ్వు రావడం లేదని మాణిక్ గొణిగాడు. గొణిగి, బుచ్చయ్య మీదికి మళ్ళాడు. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని బ్యాంకంతా వెతకడం తప్ప బుచ్చయ్య చేసే గొప్ప పనేమిటని అడిగాడు. అది ఒకసారి చూస్తే నవ్వొస్తుంది, వందసార్లు చూపించి గొప్ప సీరియల్ అంటే ఎవరొప్పుకుంటారన్నాడు. మాటలు సీరియళ్ళ గురించే నడుస్తున్నాయి గానీ, ఆ గొంతులు విన్నవాళ్ళెవరికైనా ఇది సీరియళ్ళ తగవు కాదని తెలిసిపోతుంది. హాల్లో ఇద్దరు ముగ్గురు ఇటు తిరిగి చూశారు.

"కండ్ల ముంగట ఉన్నది కనవడకపోవుడు బుచ్చయ్య ఒక్కనికే కాదు బావా," అన్నాడు హరికృష్ణ.

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మాణిక్ లేచి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. హరికృష్ణకు మాట జారిందని తెలుసు, కానీ అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు పుట్టి బుద్ధెరిగాక లేదు. మాణిక్ ఇప్పుడు ఆ గుమ్మం దాటితే ఈసారి ఏడాదితో పోయేది కాదు. లోపల ఆమె బతికి బయటపడితే, రెండు ముక్కలైన ఇంట్లోకే కళ్ళు తెరుస్తుంది. బతకకపోతే, ఆ తర్వాత వీళ్ళకు ఒకరి మొహం ఒకరు చూసుకునే పనే ఉండదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా ఒకడు నోరు విప్పలేదు, ఇంకొకడు కూర్చోలేదు.

వెనక వరసలోంచి ఒక ముసలమ్మ కసిరింది. పేరు బస్వమ్మ, కోడలి కాన్పు కోసం వచ్చింది.

"మీకు నచ్చకుంటె బయటికి పోయి కొట్లాడుకోర్రి. నన్ను జర చూడనియ్యుర్రి. నాకు నవ్వొస్తది."

ఆమె చూస్తున్నది పై పోర్షనే. పాత ఎపిసోడ్‌ను మధ్యాహ్నం మళ్ళీ వేస్తున్నారు. పై పోర్షన్ తాత ఒళ్ళంతా సబ్బు రుద్దుకున్నాక మోటరు ఆగిపోయింది. తుండుగుడ్డ చుట్టుకుని, కళ్ళు మూసుకునే గోడ పట్టుకుని మెట్లు దిగాడు. తడిమి తడిమి, మోటరు స్విచ్చి అనుకుని ఓనరమ్మ ఇంటి కాలింగ్ బెల్లు నొక్కాడు. తలుపు తెరుచుకుంది. లోపల ఓనరమ్మ చుట్టాలంతా కొలువు తీరి ఉన్నారు. నీళ్ళు వచ్చాయా అమ్మా అని తాత వాళ్ళనే అడిగాడు. బస్వమ్మ కుర్చీలో ఊగిపోతూ నవ్వింది. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. అంత కోపంలో, అంత దిగులులో, మాణిక్ పెదవి కొస కూడా కదిలింది.

కదిలాక అతనికి గుర్తొచ్చింది. ఈ ఎపిసోడ్ తను చూశాడు. పత్తి ఏరుతున్న రోజులు. ఈ తాత బెల్లు నొక్కినప్పుడు తను పక్కకు తిరిగి యాదమ్మ వైపు చూశాడు. అదతని అలవాటు. నవ్వొచ్చే చోటు వస్తే టీవీ వదిలేసి ఆమె మొహం చూసేవాడు, ఆమె నవ్వితే తనూ నవ్వేవాడు. నిజం చెప్పాలంటే అతనికి నచ్చింది ఆ సీరియల్ కాదు, దాని ముందు కూర్చుని నవ్వే యాదమ్మ. ఆ రోజు ఆమె నవ్వలేదు. పెదవులు బిగబట్టి, కుడి పక్కటెముకల కింద అరచెయ్యి నొక్కి పెట్టుకుని, కంచంలో సగం అన్నం వదిలేసి వంటింట్లోకి లేచిపోయింది. ఆ తర్వాత ఏ రోజూ నవ్వలేదు. సీరియల్ పాడైపోయిందని అతను తీర్పు చెప్పేశాడు.

సీరియల్‌కు ఏమీ కాలేదు.

మాణిక్ మళ్ళీ కూర్చున్నాడు. ఈ సంగతి తనలోనే ఉంచుకుంటే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. చెబితే బామ్మర్ది చేతికి తనే కత్తి అందించినట్టు. అయినా దాచుకోవడం చేతకాక చెప్పాడు.

"హరికృష్ణా, అది పాడుగాలే. మీ అక్క నవ్వుడు బంద్ చేసింది. నవ్వితె నొస్తుండొచ్చు. చెయ్యి ఈడ పెట్టుకొని కూసునేది. నేను దిక్కుమాలినోణ్ణి, సీరియలే మంచిగలేదనుకున్న."

హరికృష్ణ లేచాడు. పిడికిళ్ళు బిగించి రెండడుగులు మాణిక్ వైపు వేసి, ఆగి, విసురుగా గుమ్మం దాకా వెళ్ళిపోయాడు. బయట బైపాస్ మీద లారీలు పోతున్నాయి. అటు తిరిగి నిలబడిన అతని వీపును మాణిక్ చూస్తూ ఉన్నాడు. పోయాడు, ఇక రాడు అనుకున్నాడు. పోవడమే న్యాయమని కూడా అనుకున్నాడు.

హరికృష్ణ వెనక్కి వచ్చాడు. వచ్చి తన కుర్చీలో కాదు, ఇద్దరి మధ్యా ఖాళీగా వదిలిన కుర్చీలో కూర్చున్నాడు.

"కార్తీకంల నేను మీ ఇంటికొస్తి గద," అన్నాడు. "బుచ్చయ్య లెక్క నడిచి చూపెట్టిన. అక్క నవ్వలే. నువ్వే నామీద ఏదో ఎక్కిచ్చినవనుకున్న. కోపమొచ్చి చాయ్ సుత తాగకుంట పోయిన. అప్పుడు సుత అక్క చెయ్యి గాడనే ఉండె, బావా."

వెనక నుంచి అంతా విన్న బస్వమ్మ టీవీ సౌండు తగ్గించమని ఎవరినో అడిగింది. తెర మీద తాత ఇంకా సబ్బు తుడుచుకుంటూనే ఉన్నాడు.

తలుపు తెరుచుకుని గ్లోరీ బయటికి వచ్చింది. యాదమ్మ మనుషులెవరని పిలిచింది. ఇద్దరూ ఒక్కసారే లేచారు. ఎవరు ఎవరి భుజం పట్టుకున్నారో వాళ్ళకే తెలియదు. ఆపరేషన్ అయింది, చీము పట్టిన తిత్తి తీసేశారు, గండం గడిచింది, ఇంకా ఒకటి రెండు రోజులు కనిపెట్టుకుని చూడాలి అని ఆమె చెప్పింది. హరికృష్ణ అక్కడే నిలబడి భోరుమన్నాడు. కుట్లు మానేదాకా పేషెంటును నవ్వించవద్దని గ్లోరీ గట్టిగా హెచ్చరించి లోపలికి పోయింది.

సాయంత్రం లోపలికి రానిచ్చారు. యాదమ్మ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు తెరిచి ముందు మొగుణ్ణి, తర్వాత తమ్ముణ్ణి చూసింది. ఇద్దరూ మంచానికి ఒకే వైపు నిలబడి ఉన్నారు. ఆమె మొహం తేట పడింది.

"ఏం తేలింది?" అని అడిగింది.

మాణిక్ ఆమె చెయ్యి అందుకుని, ఎన్నడూ అంత సూటిగా అడగనివాడు, నొప్పి సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాడు. గొంతులో కోపం కంటే ఏడుపే ఎక్కువగా వినిపించింది.

"పత్తి ఏరుడు కానియ్యి, చెప్తమనుకున్న," అంది యాదమ్మ. "ఇంతల కంది కోతకొచ్చె. చెప్తె నువ్వు పని ఇడిచిపెడ్తవు, వీడు నీతోని కొట్లాటకొస్తడు. నవ్వకుంటె నొయ్యలే. ఊకున్న."

తమ ఇద్దరి కోసమే ఆమె తన నవ్వు మానుకుందన్న సిగ్గు మాణిక్‌ను చాలా రోజులు వదల్లేదు.

కుట్లు మాని, యాదమ్మ ఇంటి పనుల్లో పడ్డాక ఒక ఆదివారం హరికృష్ణ ఝరాసంగం వచ్చాడు. అన్నాల వేళకు పై పోర్షన్ మొదలైంది. యాదమ్మ చాప మీద కూర్చుంది. మాణిక్ కుర్చీ తెచ్చి ఆమెకు ఎదురుగా, టీవీకి వీపు పెట్టి వేసుకున్నాడు.

"సీరియల్ అటున్నది," అంది యాదమ్మ.

తనకు ఇటే బాగుందని చెప్పి అతను కదల్లేదు. వెనక మోటరు ఆగింది. మేడ మీది వాళ్ళు అరిచారు. ఓనరమ్మ తలుపు దడేలున తెరుచుకుంది. మాణిక్ ఆమె మొహం మీద నుంచి చూపు తిప్పలేదు. హరికృష్ణ కూడా ముద్ద కంచంలోనే వదిలి అక్క వైపే చూస్తున్నాడు. ఆమె పెదవులు వణికాయి. భుజాలు కదిలాయి. ఒళ్ళో ఉన్న కుడి చెయ్యి పైకి లేచింది.

మాణిక్ కుర్చీలోంచి సగం లేచాడు.

ఆ చెయ్యి పక్కటెముకల దగ్గర ఆగలేదు. పైకి పోయి కొంగు అందుకుని నోటికి అడ్డం పెట్టుకుంది. యాదమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతోంది. టీవీలో ఏం జరిగిందో మాణిక్‌కు తెలియదు, అయినా అతనూ నవ్వాడు.