కొండెక్కి దిగిన పెన్‌డ్రైవ్

ఆ పొద్దున తిరువళ్ళూరు మీద మబ్బు వంగి నిలబడింది. కురవలేదు, తొలగలేదు. తూర్పున కాస్త ఎర్రబడినట్టే పడి మళ్ళీ మసిబారింది. మా ఊరు కనకమ్మ సత్రంలో మొదటి బస్సెక్కి, కాకరకాయల సంచితో మా అన్న వీరరాఘవ ఇంటికి చేరేసరికి ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆగి ఉన్నాయి. కరెంటు పోయిందనుకున్నాను. పోలేదు. ఆపారు.

"ఉష్! కోడలు పాఠం చెప్తా ఉంది," అన్నాడు అన్న, చెమట తుడుచుకుంటూ.

కోడలు సుందరవల్లి ముందుగదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. అంగడి లెక్కలు కంప్యూటర్లో ఎలా రాయాలో నేర్పే పాఠం అది. తెర మీద చేసేదీ నోటితో చెప్పేదీ కలిపి వీడియోగా పట్టి, మధ్యాహ్నం పన్నెండులోపు చెన్నైలోని ఒక ట్యూషన్ కంపెనీకి పంపాలి. నచ్చితే ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం. పన్నెండు దాటితే ఆ చోటు ఇంకొకరిది. మా వదిన పోయినప్పటి నుంచి ఆ ఇంటి వంటా, అంగడి లెక్కా రెండూ ఈ పిల్లవే. తనకని ఏదైనా అడగడం నేనెప్పుడూ వినలేదు. ఇది అడిగింది.

పాఠం అయ్యాక వీడియో వేసి చూశారు. బొమ్మ బాగానే నడిచింది. మాట మాత్రం మధ్యమధ్య మాయమైంది. "అప్పుకిచ్చిన సరుకును... కింద రాయకుండా... రాస్తే మీ అంగడి..." అని, ఆ తర్వాత నోరు కట్టేసినట్టు నిశ్శబ్దం.

"అంగడి ఏమవుతుంది?" అన్నాడు అన్న, భయంగా. ఆయనది పాత్రల అంగడి.

ఆయన కొడుకు మునిరాజు ముందుకొచ్చాడు. ఒకప్పుడు పక్కింటివాళ్ళ రిమోట్లో బ్యాటరీలు తిప్పి పెట్టాడు. అప్పటి నుంచి ఆ వీధికి వాడే ఇంజనీరు. మైకు వైరు పీకి, నోటితో ఊది, మళ్ళీ గుచ్చాడు. పాఠం మళ్ళీ చెప్పించారు. మాట మళ్ళీ తెగింది.

"మైక్‌సెట్ ధనకోటిని పిలిపిద్దాం," అన్నాడు వాడు.

ధనకోటి ఆడి మాసమంతా పెరియపాళయం అమ్మవారి జాతరలో స్పీకర్లు కట్టి వచ్చినవాడు. కంప్యూటరు చుట్టూ ఒకసారి తిరిగి, "గొంతు చాల్లేదమ్మా. బాగా ఎత్తి చెప్పు," అన్నాడు. ఆ పిల్ల బస్టాండులో కండక్టరులా అరిచి చెప్పింది. ఈసారి అరుపు కూడా ముక్కలుముక్కలైంది.

"మామా," అంది సుందరవల్లి, "రికార్డు నేరుగా ఆ పెన్‌డ్రైవ్‌లోకి పోతా ఉంది. అది అంత వేగంగా రాసుకోలేదు. కంప్యూటర్లోనే రికార్డు చేస్తే..."

"అది మాత్రం కుదరదు."

ఎందుకు కుదరదో నాకు తెలుసు. అన్న ఆ పెన్‌డ్రైవ్‌ను ఆడి కృత్తిక పండక్కి తిరుత్తణి తీసుకుపోయి, కొండ మెట్లెక్కి, స్వామి దగ్గర పెట్టించి తెచ్చాడు. దాని మీద విభూతి చారలూ గంధం బొట్టూ ఇంకా ఉన్నాయి. కంప్యూటరుకు గుచ్చే మూతి కూడా గంధం తప్పించుకోలేదు.

"మొదటి పాఠం దీంట్లోనే పడాల. ముందు కంప్యూటర్లో పడేసి, తర్వాత దీంట్లోకి ఎత్తితే అది ఎంగిలి గదా!" అన్నాడు అన్న. "స్వామికి ఎంగిలి పెడతారా ఎవరన్నా?"

మునిరాజు తలూపాడు. ధనకోటి కూడా ఊపాడు. ఎంగిలి మాట ఎత్తాక ఇక ఇంజనీర్లు మాత్రం ఏం చేస్తారు?

నేను పెన్‌డ్రైవ్ చివర దీపం చూస్తున్నాను. మాట బాగున్నంతసేపూ అది మిణుకుమంటుంది. మిణుకుమనడం మానేసి నిలిచి వెలిగిందంటే, అక్కడ మాట తెగుతుంది. సుందరవల్లి కూడా దాన్నే చూస్తోంది.

"అన్నా, ఆ దీపం చూడు," అన్నాను.

"నీకు తెలిసింది కాకరకాయలురా. అవి చూసుకో."

చూసుకున్నాను.

చివరికి లోపం మైకుకు చాలినంత బలం లేకపోవడమేనని వాళ్ళు ముగ్గురూ తేల్చారు. ధనకోటి ఇంట్లో పెద్ద ఆంప్లిఫయర్ ఉందట. ముగ్గురూ ఆటో ఎక్కారు. "మేం వచ్చేదాకా సుమ్మా ఉండు. దేన్నీ ముట్టుకోవద్దు," అన్నాడు మునిరాజు పెళ్ళాంతో.

ఆటో సందు తిరిగింది. సుందరవల్లి పెన్‌డ్రైవ్ ఊడదీసి, కళ్ళకద్దుకుని, దేవుడి పటం ముందు పెట్టింది. తర్వాత నావైపు తిరిగింది.

"చిన్నమామా, మీరేం చూడలేదు గదా?"

"నేను కాకరకాయలు చూస్తా ఉండానమ్మా."

నవ్వింది. ఫ్యాన్ వేసుకుంది. కంప్యూటర్లోనే రికార్డు పెట్టి, మామూలు గొంతుతో పాఠం ఒక్కసారి చెప్పింది. వేసి విన్నాం. ఒక్క మాట తెగలేదు. అప్పుకిచ్చిన సరుకు సరిగ్గా రాయకపోతే అంగడి ఏమవుతుందో నాకు కూడా అర్థమైంది. గడువుకు ముందే పంపేసి, బియ్యం కడగడానికి లేచింది.

వాళ్ళు ఆంప్లిఫయర్‌ను ఉత్సవ విగ్రహంలా మోసుకుని వచ్చేసరికి పన్నెండు దాటింది.

"అయ్యో, టైమైపాయనే!" అన్నాడు అన్న.

"పంపించేసినా మామా."

"ఎట్ల?"

"కంప్యూటర్లో రికార్డు చేసి."

మునిరాజు ఆంప్లిఫయర్ దించాడు. "నేనూ అదే అనుకుంటి నాయనా. ఆ పెన్‌డ్రైవ్‌లోనే ఏదో ఉందని."

"నోరు ముయ్‌రా. స్వామి దగ్గర పెట్టింది ఇంట్లో ఉండబట్టే పని జరిగింది," అన్నాడు అన్న.

"ఆంప్లిఫయర్ ఇంటికొస్తా ఉందని కంప్యూటరుకు ముందే తెలిసిపోయింటాది అయ్యా," అన్నాడు ధనకోటి. వాడు వెక్కిరించాడో, నిజంగానే అన్నాడో తెలియలేదు. వాడు డబ్బా మళ్ళీ ఆటోలోకి ఎక్కించుకుని పోయాడు.

కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చోబోతుంటే సుందరవల్లి ఫోన్ మోగింది. అరవంలో మాట్లాడింది. మునిరాజు "ఎవరు, ఏమంటారు?" అని చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆమె వాడివైపు తిరగలేదు. సరేనని చెప్పి ఫోన్ పెట్టేసింది.

"ఉద్యోగం వచ్చింది మామా. సోమవారం నుంచి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. ఆ పూట వంట మీరిద్దరూ చూసుకోవాల."

"మమ్మల్నొక మాట అడగకుండా ఒప్పేసుకున్నావా?" అన్నాడు మునిరాజు.

"అవును."

ఆ ఇంట్లో మగవాళ్ళు తిన్నాకే కోడలు తింటుంది. ఆ రోజు నాలుగు కంచాలు పెట్టి, అన్నం గిన్నె, సాంబారు మధ్యలో ఉంచి, తనూ కూర్చుంది. అన్న గిన్నెవైపు చూశాడు. కొడుకువైపు చూశాడు. కొడుకు కంచంలోకి చూస్తున్నాడు. అన్నే గరిటె అందుకుని, ముందు తనకూ, తర్వాత మాకూ, చివర ఆమెకూ వడ్డించాడు. కలుపుకుని తిన్నాం.