గాలి దాచిన పూజారి

రెప్పలమ్మాయి బల్ల మీదికి ఒరిగిపోయింది. సూపర్‌వైజరు పరుగున వచ్చాడు. వచ్చి, ముందుగా ఆమె తల పైకెత్తి, కిందున్న బొమ్మల కాగితాలు లాగేసుకున్నాడు. నలిగాయేమోనని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆ తర్వాతే నాడి పట్టుకున్నాడు.

పక్క బల్ల దగ్గర కూర్చున్న చేతులక్క ఇదంతా కళ్ళారా చూసింది.

అది యానిమేషన్ స్టూడియోలో మూడో అంతస్తు. అరవై రెండు అద్దపు బల్లలు, ఒక్కో అద్దం కింద ఒక దీపం. ఆ వెలుగు మీద కాగితం పరిచి బొమ్మ తర్వాత బొమ్మ గీస్తూ పోవాలి. మనిషి ఒక్కసారి చెయ్యెత్తాలంటే పన్నెండు బొమ్మలు. చేతులు బాగా గీస్తుంది గనక ఆమె చేతులక్క అయింది. రెప్పలు గీసే పిల్ల రెప్పలమ్మాయి అయింది. అసలు పేర్లు హాజరు పట్టీకే తెలుసు.

ఆ ఉదయం ఆ పిల్ల రెండుసార్లు లేచి సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళింది. "సార్, గుండెల్లో పట్టేసినట్టుంది. ఇంటికెళ్తా." రెండుసార్లూ ఒకటే జవాబు: "ఎపిసోడ్ పంపించాక వెళ్దువుగాని." తలుపుకి బయట గడియ పెట్టి ఉంది. ఎపిసోడ్ పంపే వారంలో అది మామూలే.

పిల్లని మోసుకెళ్ళాక చేతులక్క ఏం చేసిందో కూడా చెప్పాలి, దాచడం దేనికి? పెన్సిల్ చెక్కుకుని మళ్ళీ గీసింది. మధ్యాహ్నానికి ప్రాణం పోయిందని కబురొచ్చింది. అప్పుడూ గీస్తూనే ఉంది. పంతొమ్మిదేళ్ళుగా తల వంచిన మెడ అంత తొందరగా లేవదు.

వాళ్ళు గీస్తున్న సీరియల్ గాలి లేని ఓ గ్రహం కథ. అక్కడ గనుల్లో పనిచేసే జనం పీల్చే గాలికి తాళాలు గుడి పూజారి చేతిలో ఉంటాయి. ఊపిరి దేవుడు పెట్టే భిక్ష అంటాడు వాడు. ఎవరైనా గిలగిల్లాడి చస్తే పాపం పండిందంటాడు. ఆఖరి ఎపిసోడ్‌లో జనం గుడి నేలమాళిగ పగలగొడతారు. చూస్తే లోపల వరసలు వరసలుగా నిండు గాలి ట్యాంకులు! ఆ పూజారి చేతులు, వేలివేలికీ ఉంగరాలతో సహా, మొదట్నుంచీ గీసింది చేతులక్కే.

మూడో రోజు హాల్లో సంతాప సభ పెట్టారు. ఓనరు పక్కన ఆశ్రమం గురువుగారు కూర్చున్నాడు. ఊళ్ళో సగం బడులూ ఆసుపత్రులూ ఆయనవే. ఈమధ్యే స్టూడియోలోనూ వాటా కొన్నాడు. గొంతు వెన్నలా ఉంది.

"పని చేస్తూ చేస్తూ పోవడం అందరికీ దక్కే చావు కాదు తల్లీ. ఆ బిడ్డకు ఊపిరి అంతవరకే రాసిపెట్టి ఉంది. ఎవర్నో నిందించి పాపం మూటగట్టుకోకండి."

చేతులక్క ఆయన చేతుల వంక చూసింది. ఈ మాట అనేటప్పుడు చేతులెలా ఉంటాయో ఆమెకు తెలుసు. అరచేతులు పైకి, వేళ్ళు కాస్త వంగి. ఆయనవి అచ్చం అలాగే ఉన్నాయి.

తర్వాత ఓనరు లేచాడు. ఆఖరి ఎపిసోడ్ మారుతుందన్నాడు. పూజారి మంచివాడట, గాలి దొంగిలించింది గని జనం నాయకుడట. నలభై షాట్లు మళ్ళీ గీయాలి. అలాగే కోర్టుకి ఇచ్చే ఓ కాగితం మీద అందరూ సంతకాలు పెట్టాలి. ఆ పిల్ల జబ్బు దాచి పనిలో చేరిందనీ, సెలవు అడగనే లేదనీ, తలుపు తీసే ఉందనీ.

మెట్ల మీద రచ్చ మొదలైంది.

"నేను పెట్టను," అంది చేతులక్క. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని నమ్మడానికి ఆమెకే కాసేపు పట్టింది. "అది రెండుసార్లు అడిగింది. నా చెవులతో విన్నా."

"విన్నావు సరే, అప్పుడేం చేశావే?" అంది రంగులపిన్ని. బొమ్మలకు రంగులూ, వాటి వెనక ఆకాశాలూ గోడలూ వేసే ముసలావిడ.

"ఏమీ చెయ్యలేదు పిన్నీ. కూచుని గీసుకున్నా. అందుకే ఇప్పుడు పెట్టను."

"నీకేం, ఒంటికాయ శొంఠికొమ్మువి! మా ఇంట్లో ఏడుగురం. బొమ్మలో దొంగ ఎవడైతే మనకేంటి? నల్లగా వెయ్యమంటే నలుపు, తెల్లగా వెయ్యమంటే తెలుపు."

"అది బొమ్మతో పోయేది కాదు పిన్నీ," అంది జుట్లు గీసే ఆవిడ. "పూజారి దొంగ కాదని పిల్లలకి చూపిస్తాం. తలుపు తీసే ఉందని కోర్టుకి చూపిస్తాం. రెండూ ఒకే అబద్ధం, రెండూ మన చేత్తోనే."

"రేపు నువ్వు ఒరిగిపోయినా జబ్బుందనే రాస్తారు," అని కింది మెట్టు నుంచి ఎవరో అందుకున్నారు.

"ఉందిగా! బీపీ, షుగరూ రెండూ ఉన్నాయి," అంది పిన్ని. కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. "నేను పెడతా. ఎవరేమనుకున్నా సరే."

పిన్నితో కలిపి పన్నెండు మంది పెట్టారు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, వాళ్ళని తిట్టకండి, ఆకలి ఎంత పిరికిదో పనిచేసే మనకు తెలుసు. మిగిలిన నలభై తొమ్మిది మంది ఇంకో కాగితం రాశారు. పిల్ల ఏ వేళకి అడిగింది, ఏం జవాబొచ్చింది, గడియ ఎవరు పెట్టారు, అన్నీ రాసి సంతకాలు చేశారు. ఒక ప్రతి పిల్ల తల్లికి ఇచ్చారు. దీపాలార్పి బల్లల పక్కన నేల మీద కూర్చున్నారు.

మర్నాడు పోలీసులొచ్చారు. కంపెనీ బొమ్మలు దొంగిలించిందని చేతులక్క మీద కేసు. జుట్టు పట్టుకుని మూడంతస్తులు దింపారు. అడ్డం పడ్డ ఆడవాళ్ళని తన్నారు. మిగిలినవాళ్ళని గేటు బయటికి గెంటేశారు.

లాకప్‌లో మూడు రోజులు. ఎవరూ రాలేదు. అంతా సద్దుమణిగిందనీ, కొత్తవాళ్ళొచ్చి పని అందుకున్నారనీ కానిస్టేబులు చెప్పాడు. చేతులక్క గోడకు తల ఆనించి, అంతేలే అనుకుంది.

నాలుగో రోజు పొద్దున తలుపు ధడేలున తెరుచుకుంది. పెదవి చిట్లిన రంగులపిన్ని లోపలికొచ్చి పడింది.

"నువ్వేంటి పిన్నీ ఇక్కడ!"

పిన్ని కొంగుతో నెత్తురు తుడుచుకుంది. "వేరే ఊరి నుంచి బస్సు నిండా మనుషుల్ని తెచ్చారే. ఆ పిల్ల తల్లి వెళ్ళి బస్సు మెట్టు దగ్గర నించుంది. మీ కాగితం అంతా చదివి వినిపించింది. 'నా బిడ్డ కుర్చీలో ఎవరు కూచుంటారమ్మా?' అనడిగింది. అంతే, ఒక్కరు దిగితే ఒట్టు."

"మరి నువ్వు?"

"నేను పైన పూజారికి తెల్లబట్టలేస్తున్నా. అరుపు వినబడి దిగితే, సూపర్‌వైజరు ఆవిణ్ణి ఈడుస్తున్నాడు. వాడి చెయ్యి విడిపించా. కాస్త గట్టిగానే." చిట్లిన పెదవి తడుముకుని అంది, "నా సంతకం కొట్టేసి మీ కాగితం మీద పెట్టానే. పన్నెండుగురం పెట్టాం."

ఆమె వెనక ముఖాలు తెలియని ఆడవాళ్ళు లోపలికొస్తున్నారు. బస్సు దిగనన్నందుకు పోలీసులు ఎత్తుకొచ్చినవాళ్ళు. గది నిండిపోయింది. కానిస్టేబులు తలుపు వెయ్యబోతే మూతపడలేదు.

పిన్ని వెనక్కి తిరిగి గట్టిగా కేకేసింది. "కాళ్ళు ముడుచుకుని సర్దుకోండమ్మా! బయట ఇంకో రెండు వ్యాన్ల నిండా మనవాళ్ళు దిగుతున్నారు."