తల్లి ఒప్పుకోలేదు

పెద్ద నర్సు వచ్చేసరికి, నర్సు ఇంకా ఆ బిడ్డ మడమకు అంటుకున్న దూదిని తీస్తూనే ఉంది. పావుగంట క్రితం ప్రాణం పోయింది. నెలలు నిండకుండా నిన్న పొద్దున పుట్టిన మగబిడ్డ.

తల్లి బట్టల ఫ్యాక్టరీలో మిషను కుడుతుంది. ఆమెకు షుగరు. అలాంటి తల్లుల బిడ్డలకు పుట్టాక ఒంట్లో షుగరు ఉన్నట్టుండి పడిపోతుంది. మూడు గంటలకోసారి మడమ గుచ్చి చుక్క రక్తం చూడాలి, తగ్గితే వెంటనే గ్లూకోజు ఎక్కించాలి. పొద్దున ఆరింటికి నర్సు సూది పట్టుకుని వస్తే తల్లి చేతులు అడ్డం పెట్టింది.

"ఇప్పుడే కళ్లు మూసుకున్నాడమ్మా. కాళ్లనిండా గుచ్చిన గుర్తులే. కాసేపు పడుకోనివ్వండి."

నర్సుకు జాలేసి, గుచ్చకుండా వదిలేసింది. జాలి ఒక్కటే అయితే బాగుండేది. ముగ్గురు చూడాల్సిన పద్నాలుగు మంది పసికందులను ఆమె ఒక్కతే చూస్తోంది. మిగతా ఇద్దరు నర్సులనీ పోయిన నెల తీసేశారు. తొమ్మిదింటికి తొంగి చూసి, బంగారుకొండ, ఎంత బుద్ధిగా పడుకున్నాడో అనుకుంది. షుగరు పడిపోయిన బిడ్డ కూడా అలాగే పడుకుంటాడని తెలిసి కూడా పక్క ఊయల దగ్గరికి పరుగెత్తింది. పదింటికి ఈ బిడ్డకు ఫిట్స్ వచ్చాయి.

పెద్ద నర్సు పరీక్షల కాగితం ముందు పెట్టింది. ఆరు, తొమ్మిది గంటల గడులు ఖాళీ.

"రెండింట్లోనూ 'తల్లి ఒప్పుకోలేదు' అని రాయి. ఆమె సంతకం తీసుకో."

"తొమ్మిదింటికి నేను అడగనే లేదు మేడమ్."

"ఉద్యోగం పోతే నీ పిల్లలకేం పెడతావే? పైవాళ్ల సంగతి తెలిసిందేగా. నన్నేం చెయ్యమంటావు?"

నర్సు కాగితం పట్టుకుని పక్క గదిలోకి వెళ్లేసరికి తల్లి తడిసిన జాకెట్టు మీద కొంగు అదిమి పట్టుకుని కూర్చుంది.

"పాలు ఆగట్లేదమ్మా," అంది. కాగితం చూసి చెయ్యి చాచింది. "సంతకమా? ఇటివ్వండి. వద్దన్నది నేనేగా. నా నోరు పడిపోను, నా బిడ్డని నేనే పొట్టనపెట్టుకున్నా."

నర్సు కాగితం వెనక్కి లాక్కుంది.

"నువ్వు కాదు తల్లీ. ఎందుకు గుచ్చాలో నీకు చెప్పాల్సింది నేను. చెప్పలేదు. తొమ్మిదింటికి అసలు అడగనే లేదు."

"ఏయ్, పిచ్చా నీకు?" గుమ్మంలోంచి పెద్ద నర్సు కేకేసింది.

నర్సు కిటికీ అంచు మీద కాగితం ఆనించి, రెండు గడుల్లోనూ 'చూడలేదు' అని రాసింది. కింద, 'పద్నాలుగు మందికి ఒక్క నర్సు' అని రాసి సంతకం పెట్టింది.

తల్లి ఆమె ముఖంలోకే చూస్తోంది.

"అయితే ఆరింటికి గుచ్చుంటే, బతికేవాడా?"

"బతికేవాడమ్మా," అంది నర్సు.