డెల్‌రాయ్‌కి ఏ జబ్బు వచ్చింది

డెల్‌రాయ్ చనిపోయి పదమూడేళ్లయినా, ఎవరడిగినా న్యుమోనియా అనే గేథర్ కుటుంబం చెబుతూ వచ్చింది. అబద్ధమేం కాదు. ఆఖర్న వచ్చింది న్యుమోనియానే. దానికి ముందు వచ్చినదాని పేరు మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

అతని అక్క ఎర్లీన్ సెల్మా అనే చిన్న ఊళ్లో స్కూలు బస్సు నడుపుతుంది. ఊళ్లో సగంమంది ఆమె బస్సెక్కి పెద్దవాళ్లైనవాళ్లే. అందుకే మాంట్‌గోమరీ నగరంలో మూడు రోజుల శిక్షణకు వాళ్ల చర్చి పాస్టర్ హోలిస్ ఆమెను పంపాడు. తోటి నల్లవాళ్లతో హెచ్‌ఐవీ గురించి నోరు విప్పి మాట్లాడగలిగే పెద్దమనుషులను తయారుచేసే శిక్షణ అది.

రెండు రోజులూ ఎర్లీన్ అన్నీ శ్రద్ధగా రాసుకుంది. మూడో రోజు, ఎదురుగా ఉన్నవాళ్లే తన చర్చివాళ్లనుకుని మాట్లాడమంటే, లేచి గడగడా అప్పజెప్పింది.

శిక్షణ ఇచ్చే ఇమోజిన్ రిటైరైన నర్సు. "బాగుందమ్మా, బస్సు టైములు చదివినట్టు చదివావు" అంది. అందరూ నవ్వారు. "ఇప్పుడు చెప్పు, అసలు నువ్వెందుకొచ్చావిక్కడికి?"

"మా తమ్ముడు..." అంది ఎర్లీన్. మాట పూర్తి చెయ్యకుండానే కాగితాలు మడిచేసింది. అలాగే కూర్చుండిపోయింది.

ఇంటికి రాగానే నేరుగా పక్క వీధిలో ఉన్న తల్లి దగ్గరికి వెళ్లింది. ఒజెల్లాకు ఎనభై రెండేళ్లు. బెండకాయలు తరుగుతోంది.

"ఆదివారం చర్చిలో చెప్తానమ్మా, తమ్ముడి సంగతి."

"పోయినవాణ్ణి మళ్లీ బజారుకీడుస్తావా?"

"ఉన్నవాళ్ల కోసమమ్మా."

"వాడు నా కొడుకే."

"నాకూ తమ్ముడే."

"అయితే నోర్మూసుకో" అంది ఒజెల్లా. కత్తి మాత్రం ఆపలేదు.

ఆదివారం పాస్టర్ అయిదు నిమిషాలిచ్చాడు. ఎర్లీన్ కాగితాలు తెచ్చుకోలేదు.

"మా డెల్‌రాయ్ ఎయిడ్స్‌తో పోయాడు. మేం వాడికి కాగితం పళ్లెంలో పెట్టేవాళ్లం. తిన్నాక దాన్ని పెరట్లో తగలబెట్టేవాళ్లం. వాడు కిటికీలోంచి చూసేవాడు. నాకు కూతురు పుట్టినప్పుడు, ఒక్కసారి ఎత్తుకుంటానక్కా అన్నాడు. పాప నిద్రపోతోంది అన్నాను. పాప కళ్లు తెరిచే ఉంది."

మాట మాటకీ ఆమెన్ అనే చర్చిలో ఒక్కరూ ఆమెన్ అనలేదు. ముందు వరసలో ఒజెల్లా లేచింది. సంచీ తీసుకుని, కూతురి వైపు చూడకుండా, బెంచీలు పట్టుకుంటూ నడిచి వెళ్లిపోయింది.

ఆ తర్వాతి శనివారం చర్చి హాల్లో ముప్పై ఒక్కమంది హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకున్నారు. గాయకబృందంలో పాడే షవాండాకు ఉందని తేలింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. తిన్నగా వచ్చి ఎర్లీన్ కారులో కూర్చుంది.

"నేను చచ్చిపోతానా, మిస్ ఎర్లీన్?"

"మందులేసుకుంటే ఎందుకు చస్తావే? మావాడు పోయాకే కదా ఆ మందులొచ్చాయి."

"మా అమ్మకి చెప్పకండి."

"నేను చెప్పను. నువ్వు చెప్పే రోజు రమ్మంటే వచ్చి పక్కన కూర్చుంటా."

షవాండా ఏడుపు ఆగేదాకా ఎర్లీన్ ఆమె చెయ్యి వదల్లేదు.

ఒజెల్లా అయిదు నెలలు కూతురితో మాట్లాడలేదు. ఎర్లీన్ రోజూ భోజనం తెచ్చేది. ముసలామె గిన్నె అందుకుని తలుపేసుకునేది. అక్టోబరులో ఒక మధ్యాహ్నం మాత్రం తలుపు వెయ్యకుండా నిలబడింది.

"లోపలికి రా. కూర్చో."

ఎర్లీన్ కూర్చుంది.

"నువ్వు చెప్పింది సగమే. ఆఖరి రోజు ఆస్పత్రిలో, చెయ్యి పట్టుకోమ్మా అన్నాడు. నేను రబ్బరు గ్లవుజులు తొడుక్కుని పట్టుకున్నా. అక్కర్లేదమ్మా అని నర్సు చెప్పింది. చెప్పినా తొడుక్కున్నా."

ఎర్లీన్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"వాడు తప్పుపట్టలేదే. థాంక్స్ అమ్మా అన్నాడు" అంటూ ఒజెల్లా తన అరచేతులు చూసుకుంది. "ఇదీ చెప్పు, వినేవాళ్లుంటే. నేను పోయాక చెప్పు" అంది.

ఫిబ్రవరిలో ఆమె పోయింది.

ఇప్పుడు ఎర్లీన్ ఇమోజిన్‌తో కలిసి కొత్తవాళ్లకు శిక్షణ ఇస్తోంది. ఇప్పటికి పదకొండు చర్చిల్లో మాట్లాడింది. కాగితం పళ్లెం గురించి చెబుతుంది, పాప గురించి చెబుతుంది. తల్లి చెప్పమన్న గ్లవుజుల మాట దగ్గరికి వచ్చేసరికి ఆపేసి కూర్చుంటుంది. ఇంతవరకూ చెప్పలేకపోయింది.