తోమిన ఇత్తడి

ఆ రోజు ఆ ఇంట్లో ఐదుగురం ఉన్నాం. నబీ తాత, కుబ్రా నానీ, అహేరి నుంచి వచ్చిన నానీ తమ్ముని కొడుకు మోయిజ్ భాయి, మ్యూజియం విలాస్ సార్, నేను. పక్కింటిదాన్ని, నాకు అక్కడ పనేమీ లేదు. అయినా పొద్దున్నే వెళ్ళి తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను.

నబీ తాత నలభై ఏళ్ళు సైకిల్‌కు స్టీలు గిన్నెలు కట్టుకుని నది ఒడ్డు ఊళ్ళకూ, అడవి లోపలి ఊళ్ళకూ తిరిగాడు. స్టీలు ఇచ్చి పాత ఇత్తడి తెచ్చేవాడు. అది తూకానికి పోయి కొలిమిలో కరిగేది. కానీ సంచి ఇంటికి రాగానే నానీ నేల మీద కుమ్మరించి వెతికేది. గుర్రం మీద మనిషి, నెమలి తల గరిటె, బిడ్డను చంకన ఎత్తుకున్న తల్లి దీపం. "ఇది కొలిమిల వడొద్దు" అని పక్కన పెట్టేది. తాత ఎన్నడూ కాదనలేదు. అట్లా అరవై మూడు బొమ్మలయ్యాయి.

వాళ్ళకు పిల్లలు లేరు. తాతకు రెండేళ్ళుగా చూపు లేదు. అయినా బొమ్మను చేతిలో పెడితే చాలు, గీతల్లోని మసిని వేలితో తడిమి, వాసన చూసి, "ఇది ఆసరెల్లిది. ఆముదం దీపం వెట్టేటోళ్ళు" అని ఏ ఊరిదో చెప్పేవాడు.

"మేం వోయినంక ఈ మోయిజ్‌గాడు వీటిని కాటా మీద వెడ్తడు" అనేది నానీ. మోయిజ్ భాయిది పాత సామాను దుకాణం.

"కాటా మీద గాకపోతే నెత్తి మీద వెట్టుకోవాల్నా ఫుప్పూ?" అని అతను మేనత్తను చూసి నవ్వేవాడు.

అందుకే మా బడి సార్‌తో అర్జీ రాయించి, అన్నీ మ్యూజియానికి ఇచ్చేస్తామన్నారు. రేపు వస్తున్నామని విలాస్ సార్ ఫోన్ చేశాడు. అదే రోజు ఆయన ముందెప్పుడో పంపిన ఉత్తరం కూడా వచ్చింది. అది మరాఠీలో ఉందని, బడిలో మరాఠీ చదువుకుంటున్న నన్ను నానీ పిలిచింది. తాత కంటి డాక్టర్ కోసం అహేరి వెళ్ళి, ఆ రాత్రి మోయిజ్ భాయి ఇంట్లోనే ఉండిపోయాడు.

నేను వెళ్ళేసరికి నానీ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, టబ్బులో చింతపండు పిసుకుతోంది. పక్కన ఇటుక పొడి. ముఖం పెళ్ళింట్లో లాగా ఉంది.

"ఏం రాసిన్రే అరుణా?"

పది గంటలకు వస్తారని చదివాను. కింద ఇంకో వాక్యం ఉంది. వస్తువులను కడగవద్దు, తోమవద్దు, ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. దాన్ని మనసులో రెండుసార్లు చదువుకున్నాను.

"ఇంకేం రాసిన్రు?"

"గంతే నానీ."

"అయితే చెయ్యి వట్టు. మాసిన బట్టలతోని బిడ్డను అత్తగారింటికి తోల్తమా?"

చీకటి పడేదాకా తోమాం. ఇటుక పొడి అయిపోయింది. పై అరలోని ఐదు బొమ్మలు మిగిలిపోయాయి.

మర్నాడు పొద్దున మోయిజ్ భాయి తాతను తీసుకొచ్చాడు. వెనకే విలాస్ సార్ వచ్చాడు. ఇల్లంతా బంగారంలా మెరుస్తోంది. సార్ గుమ్మంలోనే ఆగిపోయాడు. తల్లి దీపాన్ని ఎత్తి వెలుగులో తిప్పాడు.

"వీటిని ఎవరు తోమారు?" అని హిందీలో అడిగాడు. నానీ గర్వంగా తన చేతులు చూపించింది.

పాతదనం అంతా పోయిందని, ఇటుక పొడికి ముఖాల గీతలు కూడా అరిగాయని మెల్లగా చెప్పాడు. పై అరలోని ఐదింటిని మాత్రమే తీసుకోగలనన్నాడు.

"ఏదీ, ఇటియ్యి" అన్నాడు తాత. దీపాన్ని తడిమాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇది మనది గాదు కుబ్రా."

"మనదే. మీరు ఆసరెల్లి కెళ్ళి తెచ్చిందే."

"కాదు" అని తాత దాన్ని నేల మీద పెట్టేశాడు.

నానీ సార్ వైపు తిరిగింది. "జర ముందుగాల చెప్తే ఏం వోయింది సార్?"

"ఉత్తరంలో రాశాం కదమ్మా" అంటూ సార్ ఫైలులోంచి నకలు తీసి ఆ వాక్యం మీద వేలు పెట్టాడు.

నానీ ఆ కాగితం వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"నువ్వు సదివినవా గీ మాట?"

తలూపాను.

"మరి?"

అప్పటికే చింతపండు నానబెట్టావు, అంత సంతోషంగా ఉన్నావు, పెద్దదానివి నీకు వద్దని ఎట్లా చెప్పను అనుకున్నాను. నేల మీది దీపాన్నే చూస్తూ ఉండిపోయాను.

సార్ ఐదు బొమ్మలను గుడ్డల్లో చుట్టి తీసుకెళ్ళాడు. మోయిజ్ భాయి మిగిలినవాటిని చూస్తూ నిలబడ్డాడు. ఈసారి నవ్వలేదు. "సంచి తేవాల్నా ఫుప్పూ?" అని గొంతు తగ్గించి అడిగాడు.

నేను ఇంటికి పరిగెత్తాను. మా పొయ్యి వెనక మసిని గిన్నెలోకి గీకి, ఆముదం పోసి కలిపాను. మళ్ళీ వెళ్ళేసరికి నానీ గుమ్మంలో ఉంది. ఆమె వెనక తాత గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"నానీ, మళ్ళ నల్లగ చేద్దాం. నేను చేస్త. అన్నీ నేనే చేస్త."

నానీ గిన్నెలోకి చూసింది. మసి అంటిన నా చేతులను చూసింది. తిట్టలేదు.

"ఇంటికి పో బిడ్డా" అంది.

నా చిన్నప్పటి నుంచి పగలు ఎన్నడూ మూయని తలుపును మూసి, లోపల గొళ్ళెం పెట్టుకుంది.