చింటు పేరు మీద కొన్న సైకిల్

శివయ్య బస్సు డిపోలో మెకానిక్కు. ఇరవై ఎనిమిదేండ్ల నౌకరీ, జహనుమా బస్తీలో రెండు గదుల ఇల్లు, పెండ్లి చేసి సదాశివపేటకు పంపిన ఒక్క బిడ్డ సుజన. యాభై రెండేండ్లు వచ్చేదాకా అతను తన కోసమని ముచ్చటపడి ఒక్క వస్తువు కొన్నది లేదు. అట్లాంటి మనిషి రెండువేల నాలుగులో, ఎండలు ముదరకముందు ఓ గురువారం, పాత పానాలు చూద్దామని వాడిన సామాన్లమ్మే జుమేరాత్ బజారుకు పోయి ఒక సైకిల్ ముందర ఆగిపోయాడు.

అది మామూలు సైకిల్ కాదు, కొండల మీద తొక్కేది. ముందు చక్రానికి రెండు షాకబ్జర్లు, సీటు కింద ఇంకో లావుపాటి స్ప్రింగు, చేతి దగ్గర గేర్లు. ఎర్ర రంగు అక్కడక్కడ గీసుకుపోయింది. శివయ్య సీటు మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. సైకిల్ మెల్లగా కిందికి దిగి మళ్ళీ లేచింది. ఇంకోసారి నొక్కాడు.

"కిస్కే వాస్తే, భాయ్?" ఎవరి కోసమని అడిగాడు అమ్మేటాయన.

"నవాసే కే వాస్తే," అనేశాడు శివయ్య, మనుమడి కోసమని. ఆ మాట ఎట్లా వచ్చిందో అతనికే తెలియదు. తన కోసమని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

ఇంటికి నడిపించుకొచ్చేసరికి భార్య రాహేలు గడప దగ్గర బియ్యం ఏరుతున్నది.

"గిదేందయ్యా?"

"చింటుకు. ఎండాకాలం సెలవులకు వస్తడు గద, తొక్కుకుంటడు."

చింటు సుజన కొడుకు. వాడికి ఏడేండ్లు. రాహేలు సైకిల్‌ను కిందికీ మీదికీ చూసి, "మస్తు పెద్దగుంది," అంది.

"పోరలు పెరగరా?" అని శివయ్య దాన్ని గబగబా లోపలికి పెట్టేశాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే లుంగీ ఎగగట్టి సైకిల్‌ను తలకిందులు చేశాడు. వెనక షాకబ్జర్‌ను ఫ్రేముకు పట్టే చోట బుష్‌లు అరిగిపోయి, పట్టుకుని ఊపితే టకటకమంటున్నాయి. కొత్తవి దొరకవు. కిషన్‌బాగ్‌లో లేత్ మిషన్ నడిపే అంజన్న చేత ఇత్తడివి తీయించాడు. బ్రేకు తీగలు మార్చాడు. గేర్లే బాగా సతాయించాయి. చైను ఒక పల్లు ఎక్కమంటే రెండు ఎక్కేది, లేకపోతే జారి పుల్లల్లో పడేది. సైకిల్ షాపాయన తనకు తెల్వదన్నాడు. శివయ్య మూడు సాయంత్రాలు దాని ముందర పీట వేసుకుని కూర్చున్నాడు. గేరు పక్కనున్న రెండు చిన్న స్క్రూలలో ఒకటి చైనును బయటికి పోనియ్యదని, ఇంకోటి లోపలికి పోనియ్యదని మూడోనాడు అర్థమైంది. ఆ రోజు అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

మిగిలింది వెనక స్ప్రింగు. "రాహేలు, జర ఈ స్కేలు పట్టుకొని చూడు. ఎంత దిగుతదో చెప్పు," అని గోడ పట్టుకుని సీటెక్కాడు.

"సగం దిగింది."

"గంత దిగొద్దు." కిందికి దిగి స్ప్రింగు మీది రింగు రెండు చుట్లు బిగించాడు. "బస్సు కింద స్ప్రింగు పట్టీలు గూడ గింతే. మనిషి కూసుంటే పావు వంతు దిగాలె. ఎక్కువ దిగితే గుంతల పడ్డప్పుడు కొట్టుకుంటది. దిగకనే పోతే నడుము పోతది."

నాలుగోసారికి పావు వంతు దగ్గర ఆగింది. శివయ్య సీటు మీదే కూర్చుని పైకీ కిందికీ ఊగి చూసుకున్నాడు.

"చింటు ఎంత బరువుంటడు?" అంది రాహేలు.

"ఇరవై కిలోలు ఉంటడేమో."

"నువ్వో?"

"ఎనభై."

రాహేలు స్కేలు గూట్లో పెట్టి వంటింట్లోకి పోయింది. శివయ్య తుడిచిన పానానే మళ్ళీ తుడుస్తూ కూర్చున్నాడు.

మర్నాటి నుంచి తెల్లారగానే "ట్రయల్ చూసొస్త" అని బయలుదేరడం మొదలైంది. ఫలక్‌నుమా ఎత్తు మీదికి చిన్న గేరులో మెల్లగా ఎక్కేవాడు. పైన చెమట తుడుచుకుని, రైలు పట్టాల పక్కన కంకర బాట పట్టి కిందికి వదిలేవాడు. చక్రాల కింద రాళ్ళు ఎగిరెగిరి పడుతుంటే నడుముకు ఒక్క దెబ్బ తగిలేది కాదు. రోజంతా బస్సుల కింద వెల్లకిలా పడుకునే మనిషికి ఆ గాలి, ఆ దిగుడు ఎంత హాయిగా ఉండేవో ఎవరికీ చెప్పలేదు. డిపోలో ఎవరన్నా అడిగితే "మనుమనిది" అనేవాడు. ట్రయల్ నెల దాటింది.

అప్పుడు సుజన ఫోన్ చేసింది. "బాపూ, శనివారం చింటును తీసుకొని వస్తున్న."

శుక్రవారం సాయంత్రం శివయ్య సీటును దిగినంత కిందికి దించాడు. స్ప్రింగు రింగును మొత్తం వదులు చేశాడు. ఫ్రేమును తడిగుడ్డతో తుడిచి గోడకు ఆనించాడు. అన్నం సరిగా తినలేదు.

"ఏమైందయ్యా?" అని రాహేలు అడిగితే, "ఏం లేదు. డిపోల లొల్లి," అన్నాడు.

శనివారం డ్యూటీ దిగి గల్లీ మలుపు తిరిగేసరికి ఎదురుగా చింటు వస్తున్నాడు, బుడ్డ నీలం సైకిల్ మీద, మోకాళ్ళు గబగబా ఆడిస్తూ.

"తాతా, అమ్మమ్మ కొనిచ్చింది," అని పక్కనుంచే దూసుకుపోయాడు.

రాహేలు గడపలో నిలబడి ఉంది. "మొఘల్‌పురా పోయి తెచ్చిన. పోరనికి వాని సైజుది ఉండాలె గద."

"మరి అది?"

"అది నీదే. పోయి సీటు మీదికి చేసుకో."

శివయ్య చెప్పులు విడిచి చాలాసేపు కాళ్ళు కడుక్కున్నాడు. "నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు, తల ఎత్తకుండా.

"తెచ్చిన దినమే. నవ్వు దాచుకోనీకి మూతి బిగబట్టినవ్. మన పెండ్లిల గూడ గట్ల లేవు."

"అడిగితే చెప్పెటోన్ని గద."

"నువ్వు చెప్పెటోనివా? ఉన్నదాన్ని చింటుకిచ్చి ఊకుందువు."

అది నిజమే. శివయ్య కాళ్ళ మీద ఇంకో చెంబు నీళ్ళు పోసుకుని, "గింత వయసుల సైకిల్ మీద మనసైందంటే నవ్వరా నలుగురు?" అన్నాడు.

"నవ్వితే నవ్వనీ. నిన్న సీటు దించుతుంటే నీ మొఖం నాకు చూడబుద్ధి కాలే." ఆమె తువ్వాల అతని చేతికిచ్చింది. "ఫికర్ జెయ్యకు. సుజనకు గూడ చెప్పిన. అది నవ్వలే, బాపు హెల్మెట్ పెట్టుకుంటడా అని అడిగింది."

ఆదివారం పొద్దున తాతా మనుమడూ కలిసి పోయారు. ఎత్తు దగ్గర చింటు దిగి నెడుతుంటే శివయ్య కూడా దిగి నెట్టాడు. పైన ఇద్దరూ రైలు కోసం ఆగారు. అది పోయాక వాడు ఇంకోటి చూద్దామన్నాడు. ఇంకోటి వచ్చేసరికి ఎండెక్కింది.

ఇంటికొచ్చేసరికి రాహేలు తెల్లచీర కట్టుకుని, బైబిల్ చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. దారిలో జారిన చింటు సైకిల్ చైను ఎక్కించి, శివయ్య రెండు చేతులకూ మసి.

"చర్చికి టైమైంది," అంది.

"అయిదు నిమిషాలు."

రాహేలు సబ్బు తెచ్చి అతని చేతిలో పెట్టి, గడప మీద కూర్చుంది. "పదినిమిషాలు తీసుకో. మోచేతుల దాంక ఉంది."